వలగండంలో ఒక వంతు

ఆస్టోరియా, ఒరెగాన్
1956 మే 21, సోమవారం

చిరంజీవి ఉర్హోకు అక్క హిల్యా దీవెనలు.

ఇక్కడ నేనూ, పిల్లీ, నాన్న చేతి వల సూదులూ క్షేమం. నువ్వూ మన సైమా పడవా అలాస్కా చేరేసరికి ఎవరో ఒకరు మిమ్మల్ని పలకరించాలి కదా అని, మీకంటే ముందే టాల్బట్ రేవు చేరేటట్టు ఈ ఉత్తరం వేస్తున్నాను.

మనం అనుకున్న మాట మళ్ళీ రాసి పెడుతున్నాను. నీకు జ్ఞాపకశక్తి ఉంది గానీ అది నీకు అనుకూలమైన వైపే పనిచేస్తుంది. నాన్న కాలం నుంచి మన మోళ్ళ సంఘం నది అడుగున మునిగిన చెట్లను ఏటేటా పీకి, వల చిరగకుండా శుభ్రం చేసుకున్న నీళ్ళు ఇసుక మేటలో పూడిపోయాయి. తక్కిన సంఘాల వరసల్లో ఖాళీ లేదు. మోడు తీయనివాడికి వంతు ఇమ్మని నేనూ అడగను, అది న్యాయం కాదు. కనుక కొత్త నీళ్ళలో సైమాకు ఒక వంతు దొరికితే అది చేపల పడవగానే ఉంటుంది. సెప్టెంబరు ఒకటో తేదీలోగా దొరకకపోతే రంపపు మిల్లు హాల్వర్సన్ గారికి ఇచ్చేస్తాం. ఆయన దాని వల చుట్టే డ్రమ్ము కోసేసి, దుంగలు లాగే కొక్కెం బిగిస్తారు. నువ్వు బయలుదేరే ముందు వచ్చి ఎక్కడ కోయాలో చాక్‌పీసుతో గీసుకున్నారు, గుర్తుందా? ఆ రోజు నాతో ఏమన్నారో నీకు చెప్పలేదు.

"చేపల వాసన పోవడానికి ఎన్నాళ్ళు పడుతుందమ్మా?" అన్నారు.

"మా నాన్న పోయి పదకొండేళ్ళయింది. ఆయన కోటుకి ఇంకా పోలేదండీ" అన్నాను.

పడవలో పెట్టిన పెట్టె అడుగున పాత నార వల, పైన కొత్త నైలాను వల ఉన్నాయి. నైలాను మీద ముడి జారుతుంది, అందుకని ప్రతి ముడీ రెండుసార్లు వేశాను. అక్కడి ఎర్ర సాల్మన్ మన నది చేపకంటే సన్నమని విన్నాను. పన్నెండు చేపల నడుములు దారంతో కొలిచి, ఆ దారాలు పంపు. వల కన్ను పెద్దదైతే చేప తోరణం కింద పెళ్ళివారు నడిచినట్టు నడిచి వెళ్ళిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట. కొత్తచోట వల దించేముందు ఆ నీళ్ళ సంఘానికి పెద్ద ఎవరో కనుక్కుని, టోపీ తీసి అడుగు. నాన్న ఉంటే ఇదే చెప్పేవాడు.

తడి సాక్సులు పొయ్యి మీద ఆరవేయకు.

నీ అక్క,
హిల్యా

---

టాల్బట్ రేవు, అలాస్కా
1956 జూన్ 9

అక్కా,

పందొమ్మిది రోజుల ప్రయాణం తరువాత క్షేమంగా చేరాం. సైమా ఒక్కచోట కూడా మొరాయించలేదు. నేను రెండుచోట్ల మొరాయించాను. మొదటిది పొగమంచు, రెండోది నా వంట.

నీ ఉత్తరం మాకంటే ముందే వచ్చి తపాలా గదిలో కూర్చుంది. చదివిన వెంటనే చేపలు కొనే బల్లకట్టు దగ్గరికి వెళ్ళాను. అక్కడ పన్నెండు మంది జాలర్లు కాఫీ తాగుతున్నారు. టోపీ తీసి, "అయ్యా, ఈ నీళ్ళ సంఘానికి పెద్ద ఎవరండీ? వంతు కోసం ఎవరిని అడగాలి?" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. తరువాత సిగ్వాల్డ్ అనే నార్వే మనిషి, గడ్డం ఒక పీపా అంత ఉంటుంది, ఇలా అన్నాడు:

"సంఘం లేకేం బాబూ! అధ్యక్షుడు అదిగో, ఆ బండమీద పొర్లుతున్న సీలు. కార్యదర్శి సముద్రపు కాకి. దరఖాస్తు పెట్టుకో, మీద రెట్టేస్తే మంజూరైనట్టే!"

బల్లకట్టు ఊగేటట్టు నవ్వారు. నవ్వనిది ఒక్కడే. వాల్టర్ అనే ఇక్కడి ట్లింగిట్ తెగ మనిషి, నలభై అయిదేళ్ళుంటాయి. అతను చేతిలో మగ్గు కింద పెట్టి ఒకసారి నా వైపు, ఒకసారి నీళ్ళ వైపు చూసి, తన పడవలోకి దిగిపోయాడు.

"నీళ్ళు ఎవరివీ కావయ్యా. దొరికినచోట వల దించు. పక్కవాడు తిడితే నువ్వూ తిట్టు. ఇంతే చట్టం" అని సిగ్వాల్డ్ నా వీపు చరిచాడు. ఇంత నీరు ఎవరిదీ కాకపోవడం సాధ్యమా అక్కా? సంఘం ఉంది, కొత్తవాణ్ణని దాస్తున్నారు. అడగకుండా నడుమ నీళ్ళలో వల దించడం నా చేత కాదు గనుక, ఎవరూ ముట్టుకోని అంచున దించుతున్నాను. అంచున ఏం పడతాయి? నాచు పడుతోంది.

టోపీ ఎవరి ముందు తీయాలో తెలియక తలమీదే ఉంచుకున్నాను. రోజూ వాన గనుక అదీ మంచిదే.

నీ తమ్ముడు,
ఉర్హో

---

ఆస్టోరియా
1956 జూన్ 20

ఉర్హోకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, నా స్నేహితురాలు సెల్మాకి ఒకసారి చదివి వినిపించాను. సీలు అధ్యక్షుడనే మాటకు సెల్మా కాఫీ ఒలకబోసుకుంది. నేను నవ్వలేదు. తరువాత, ఒక్కదాన్నే గిన్నెలు కడుగుతూ నవ్వాను.

సంఘం లేని నీళ్ళు ఉండవు. అవి దాచి ఉంచిన నీళ్ళు. మనవాళ్ళు మాత్రం ఏం తక్కువ? పక్కింటి కొత్త కాపురంవాళ్ళకి మూడేళ్ళ దాకా సంఘం మాటే ఎత్తలేదు. వాళ్ళాయన ఒక వసంతంలో ఎవరూ పిలవకుండానే వచ్చి, మెడలోతు చన్నీళ్ళలో నిలబడి మోడుకు గొలుసు కట్టాడు. ఆ సాయంత్రమే అతని పేరు వంతుల పట్టీలోకి ఎక్కింది. నువ్వూ అదే పని చెయ్యి. ఎవరికీ పనికిరాని నీళ్ళు చూసుకుని మోళ్ళు తీయడం మొదలుపెట్టు. పని చూస్తే సంఘం దానంతట అదే బయటికి వస్తుంది.

హాల్వర్సన్ గారు దారిలో కనబడి, సైమాకు ఏ రంగు బాగుంటుందని అడిగారు. ఎండలో కళ్ళు సరిగా కనబడడం లేదని చెప్పి వచ్చేశాను. ఆ రోజు ఎండ లేదు.

నీ అక్క,
హిల్యా

---

టాల్బట్ రేవు
1956 జూలై 2

అక్కా,

నువ్వు చెప్పినట్టే మొదలుపెట్టాను. రేవుకు తూర్పున, నది సముద్రంలో కలిసేచోట ఒక మలుపు ఉంది. ఎర్ర సాల్మన్ గుంపులుగా లోపలికి పోతున్నాయని నీటిమీది ముడతలే చెబుతాయి. అయినా ఒక్క పడవా అక్కడికి పోదు. దాని పేరే 'వలగండం'. నది తెచ్చి పడేసిన చెట్లు వేళ్ళు పైకెత్తుకుని అడుగున కూర్చున్నాయి. దించిన వల దించినట్టే చిరిగిపోతుంది.

మన దగ్గరలాగా ఈతగాణ్ణి దించే పని లేదిక్కడ. పోటుకీ పాటుకీ మధ్య నీరు మూడు నిలువుల ఎత్తు లేస్తుంది. పాటు వేళ మోడుకు నాలుగు ఖాళీ పీపాలు బిగించి, బండమీద కూర్చుని రొట్టె తింటాను. పోటు వచ్చి పీపాలను ఎత్తుతుంది, పీపాలు మోడును పన్ను పీకినట్టు పీకుతాయి. దాన్ని సైమాతో లాగి, పోటు గీతకు పైన ఒడ్డున పడేస్తాను. ఇప్పటికి పదిహేడు తీశాను.

ఆ ఒడ్డున చేపలు పొగబెట్టే కొట్టం ఉంది. అది ఆగ్నెస్ అనే ఆమెది. వాల్టర్‌కు ఏదో చుట్టరికమట. మొదటి మూడు రోజులు ఆగ్నెస్ తలుపు దగ్గర నిలబడి చూసింది. నాలుగో రోజు ఆగ్నెస్ ఒక మగ్గు కాఫీ తెచ్చి బండమీద పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయింది. అయిదో రోజు ఆగ్నెస్ పొగబెట్టిన సాల్మన్ ముక్క కూడా పెట్టింది. ఆ రుచి ఎలా ఉందో రాస్తే నువ్వు నొచ్చుకుంటావు, రాయను. ఆగ్నెస్ భర్త ఎప్పుడో పోయాడని సిగ్వాల్డ్ చెప్పాడు. ఆగ్నెస్ పెద్దగా మాట్లాడదు గానీ, మోడు కదిలినప్పుడల్లా నవ్వుతుంది. నా కోటు గుండీ ఊడితే ఆగ్నెస్ అడగకుండానే కుట్టిపెట్టింది. వల బాగుచేసుకోవడానికి ఆగ్నెస్ తన కొట్టం మెట్లు వాడుకోమని చేత్తో చూపించింది. నీ ముళ్ళ పని చూసి, ఎవరు వేశారని సైగచేసి అడిగింది. ఆగ్నెస్ ముందు నిన్ను చాలా పొగిడాను.

దారాలు ఇందులో పెట్టాను. పన్నెండు సాల్మన్ నడుములు. వీటిలో పొడుగ్గా ఉన్న దారం మాత్రం వాల్టర్ చేపది, మొహమాటానికి కొలిచాను.

నీ తమ్ముడు,
ఉర్హో

---

ఆస్టోరియా
1956 జూలై 13

ఉర్హోకు,

దారాలు అందాయి. వల కన్ను అరంగుళం తగ్గించాలి. కొత్త వల అల్లడం ఈ ఉదయమే మొదలుపెట్టాను.

లెక్కపెట్టడం నా అలవాటని నీకు తెలుసు. నీ ఉత్తరంలో సాల్మన్ అనే మాట మూడుసార్లు వచ్చింది. ఆగ్నెస్ అనే పేరు తొమ్మిదిసార్లు వచ్చింది. నువ్వు చేపలు పట్టడానికి వెళ్ళావని జ్ఞాపకం.

నేను తప్పు పట్టడం లేదు. యాభై రెండేళ్ళంటే ఏమంత వయసు? కొంతమంది మగవాళ్ళకి బుద్ధి అప్పుడే వస్తుంది. గుండీ అడగకుండా కుట్టే మనిషి దొరకడం మాటలు కాదు. అమ్మ పోయాక ఈ ఇంట్లో రెండో కాఫీ మగ్గు నీదే. అది ఖాళీగా ఉండిపోతుందేమో అని ఒక పూట ముఖం ముడుచుకుని కూర్చున్న మాట నిజమే. తరువాత దాన్ని కడిగి బోర్లించాను. నీకు ఏది మంచిదో అదే చెయ్యి. అడగవలసిన మాట ఉంటే నానబెట్టకుండా అడుగు.

పడవ మాటకు వస్తే, మోళ్ళు తీసిన నీళ్ళకు వెంటనే వంతుల పట్టీ పెట్టు. పట్టీ లేని నీళ్ళు తలుపు లేని కొట్టు.

నీ అక్క,
హిల్యా

---

టాల్బట్ రేవు
1956 జూలై 25

అక్కా,

పట్టీ పెట్టాను. ఏమయిందో విను.

నలభై ఒకటో మోడుతో వలగండం శుభ్రమైంది. చక్కటి అక్షరాలతో నియమాలు రాసి, వంతుల పట్టీ గీసి, బల్లకట్టు గోడకు కొట్టాను. తెల్లవారి వెళ్ళేసరికి వలగండంలో పదకొండు పడవలున్నాయి. అందరికన్నా ముందు సిగ్వాల్డ్.

"అబ్బబ్బ, ఏం నీళ్ళయ్యా ఇవి! అద్దం! ఏ మహానుభావుడు శుభ్రం చేశాడో?" అని అరిచాడు.

"నేనేనయ్యా."

"నీ చేతులు చల్లగుండ!" అని దీవించి వల దించాడు.

బల్లకట్టుకు తిరిగి వస్తే పట్టీ నిండి ఉంది. మొదటి వంతు సీలు. రెండో వంతు సముద్రపు కాకి. వాళ్ళలో చెడ్డవాడు ఒక్కడూ లేడక్కా, అదే బాధ. దొంగిలిస్తున్నామని వాళ్ళకు తెలియదు. వాళ్ళ నడుమ సైమాకు వల దించే చోటు కూడా మిగల్లేదు. హాల్వర్సన్ గారి చాక్‌పీసు గీత వానలకు కూడా చెరగలేదు. దాన్ని చూస్తూ కొట్టం మెట్లమీద కూర్చున్నాను.

ఆగ్నెస్ గారు వచ్చి పక్క మెట్టుమీద కూర్చున్నారు. ఆవిడ నాతో మాట్లాడడం అదే మొదలు.

"ఏం అబ్బాయ్, అలా కూర్చున్నావు?"

"ఈ నీళ్ళు ఎవరివో తెలిస్తే మొదటే అడిగేవాణ్ణమ్మా. తెలియక ఇలా అయింది."

ఆవిడ చేపలు కోసే కత్తిని చాలాసేపు తుడిచారు. "మా మేనమామవి" అన్నారు. "ఆయన తరవాత మా అన్నవి. ఇప్పుడు వాల్టర్‌వి, నా కొడుకు. డెబ్భై నాలుగేళ్ళ నుంచీ ఈ ఒడ్డునే ఉన్నా. అడిగినవాడివి నువ్వొక్కడివే. అదీ ఎక్కడ? బల్లకట్టు మీద!"

"వాల్టర్ అక్కడే ఉన్నాడుగా, ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"అంతమంది పళ్ళికిలిస్తుంటే చెప్తాడా? ఇంటికొచ్చి నాకు చెప్పాడు. చూద్దాం, వీడు ఉత్త అడుగుడేనా, పని కూడా చేస్తాడా అన్నా. చూశా."

నేను లేచి టోపీ తీశాను. "అయితే ఇప్పుడు అడుగుతున్నానమ్మా."

"కూర్చో, కూర్చో. ఇలాక్కాదు. మా ఇంటివాళ్ళందరూ ఉండాలి. సాక్షులుండాలి. నువ్వు శుభ్రమైన చొక్కాలో ఉండాలి. చేతిలో ఏదన్నా ఉండాలి. ఉత్త చేతుల్తో అడిగిన మాట గాలికి పోతుంది."

నా దగ్గర ఏముందక్కా? జేబు కత్తి ఉంది, దాని మొన విరిగింది. ఆలోచిస్తున్నాను.

నీ ఉత్తరంలో ఒక ముక్క అర్థం కాలేదు. నా మగ్గు ఎందుకు బోర్లించావు? సెప్టెంబరులో వచ్చాక నేను కాఫీ తాగవద్దా?

ఉత్తరం బరువుగా ఉందని స్టీమరుకే ఇస్తున్నాను.

నీ తమ్ముడు,
ఉర్హో

---

(కార్డు)
టాల్బట్ రేవు
1956 ఆగస్టు 1

అక్కా,

విమానం నడిపే అతను కాఫీ తాగేలోపు రాస్తున్నాను. సంగతంతా పెద్ద ఉత్తరంలో చదివే ఉంటావు. ఆగ్నెస్‌ను అడిగాను. ఔననలేదు, కాదనీ అనలేదు. ఆగస్టు 19 ఆదివారం వాళ్ళ ఇంటివాళ్ళందరూ కూర్చుని చెబుతారు. తెల్ల చొక్కా ఉతికించాను. చేతిలో పెట్టడానికి పరువైన వస్తువు ఒకటి కావాలి. నీకు తోచింది విమానంలో పంపగలవా? సైమా గతీ నా గతీ ఆ రోజే తేలుతుంది.

ఉర్హో

---

ఆస్టోరియా
1956 ఆగస్టు 8, బుధవారం

ప్రియమైన తమ్ముడికి,

నీ పెద్ద ఉత్తరం ఏదీ నాకు రాలేదు. కార్డు వచ్చింది. అదే చాలు. నాకు అన్నీ అర్థమయ్యాయి. ఇంటివాళ్ళందరూ కూర్చుని మాట్లాడి చెబుతామన్నారంటే ఆగ్నెస్ మర్యాదస్తుల బిడ్డ. నాకు చాలా సంతోషంగా ఉంది.

ఈ పెట్టెలో కొత్త వల మడతల నడుమ అమ్మ రాగి కాఫీ కూజా ఉంది. పాత దేశం నుంచి ఓడలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నది. లోపల కళాయి నిన్ననే పోయించాను, పైన తళతళలాడేదాకా తోమాను. మూతి దగ్గర ఉన్న సొట్ట నువ్వు ఆరో ఏట పడేసినప్పటిది. అది అలాగే ఉంచాను, పెళ్ళికూతురికి నీ సంగతి ముందే తెలియడం మంచిది. ఆమెకు వేరే ఒక చీటీ రాసి కూజాలో పెట్టాను, నువ్వు విప్పకు. కాబోయే మరదలికి నా ఆశీస్సులని చెప్పు.

ఇంకొక పని కూడా చేశాను. మీరిద్దరూ అక్కడ కాపురం పెట్టాక పడవ లేకుండా ఎలా? అందుకని మిల్లుకు వెళ్ళాను.

"సైమా రాదండీ" అన్నాను.

"రాదా? ఎక్కడికి పోయిందమ్మా?"

"అత్తవారింటికి."

హాల్వర్సన్ గారు పెద్దమనిషి, కోప్పడలేదు. మధ్యాహ్నానికల్లా రేవులో వేరే పడవ మాట్లాడుకుని, దానిమీద చాక్‌పీసు గీసేశారు. కనుక ఇక వెనక్కి దారి లేదు. ముందుకు బాగా నడుచుకో.

నీ అక్క,
హిల్యా

---

టాల్బట్ రేవు
1956 ఆగస్టు 26, ఆదివారం

అక్కా,

కూర్చుని చదువు. కాఫీ చేతిలో పట్టుకోకు.

నీ పెట్టె పదిహేడున వచ్చింది. నీ ఉత్తరం చదివి బండమీద చతికిలబడ్డాను. ఆగ్నెస్ గారికి డెబ్భై నాలుగేళ్ళు. వాల్టర్ ఆవిడ కొడుకు. నేను ఆవిడను అడిగింది పెళ్ళి కాదు, వలగండంలో ఒక వంతు. ఆ పెద్ద ఉత్తరం ఏ స్టీమరు మింగిందో! నాకు వంతూ లేదు, నీకు మిల్లూ లేదు, అమ్మ కూజా మాత్రం పెళ్ళికూతురి పేరు మీద వచ్చి కూర్చుంది. నిజం చెప్పాలా? ఆ రెండు రోజులు అన్నం రుచించలేదు.

పోయిన ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని వెళ్ళాను. గదినిండా మనుషులు. వీళ్ళ ఆచారం ప్రకారం వేరే వంశం పెద్దలు సాక్షులుగా వచ్చారు. కిటికీ దగ్గర సిగ్వాల్డ్ కూడా నిలబడి ఉన్నాడు, అది తరువాత చెబుతాను. అడగవలసింది అడిగి, కూజా ఆవిడ చేతిలో పెట్టాను. చీటీ సంగతి మర్చేపోయానక్కా. మూత తీయగానే అది కనబడింది. ఆవిడ వాల్టర్‌ను చదవమన్నారు. అతను బిగ్గరగా, నిదానంగా చదివాడు:

"ఆగ్నెస్‌కు. మా తమ్ముడు తడి సాక్సులు పొయ్యి మీద ఆరవేస్తాడు. మిగతా అన్నిటిలో మంచివాడు. మా అమ్మ కూజా మీ చేతిలో పెడుతున్నాను. ఇక మా ఇంటి మర్యాద మీ చేతిలోది."

జరిగిన పొరపాటు చెప్పక తప్పలేదు. చెప్పాను. ఇల్లు కూలుతుందేమో అన్నంత నవ్వారు. ఆగ్నెస్ గారు కళ్ళు తుడుచుకుని, "సాక్సుల సంగతి ముందే చెప్పింది, మెచ్చుకోవాలి. మా ఆయన్ని నాకు కట్టబెట్టేటప్పుడు ఎవరూ ఏమీ చెప్పలేదు!" అన్నారు.

ఆ తరువాత ఆవిడ కూజాను రెండు చేతులా ఎత్తి, గోటితో ఒకసారి కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. గదిలో నవ్వు ఆగిపోయింది. వీళ్ళకు రాగి అంటే మామూలు లోహం కాదట అక్కా, పెద్దవాళ్ళ ముందు పెట్టదగిన వస్తువు అదేనట. నాకు తెలియదు, నీకూ తెలియదు. అమ్మకు తెలిసి ఉంటుందని అనుకోవడం నాకు ఇష్టం. ఆగ్నెస్ గారు తన మేనమామ పేరు చెప్పారు. పొడవైన పేరు. సాక్షుల్లో ఒక ముసలాయన దాన్ని తిరిగి పలికాడు. ముప్ఫై ఏళ్ళ తరువాత ఆ పేరు నలుగురి ముందు వినబడిందని వాల్టర్ నాకు మెల్లిగా చెప్పాడు.

"మా మేనమామ నీళ్ళలో నీకో వంతు" అన్నారు ఆవిడ. "మొదట వాల్టర్. రెండోది నీ పడవ. ఏటేటా మోళ్ళు తీయాలి. తీయకపోతే వంతు లేదు. అందరూ విన్నారుగా?"

విన్నామని అందరూ ఒక్కసారే అన్నారు.

ఇక సిగ్వాల్డ్. ఆగస్టు పదకొండు నుంచి రెండు రోజులు కుండపోత వాన. నది పొంగి కొత్త చెట్లను తెచ్చి వలగండం నిండా పేర్చింది. పదకొండు వలలూ పీలికలయ్యాయి. అందులో వాల్టర్ వల లేదు, అతను మొదటి నుంచీ దించలేదు. పాటు వేళ నేనూ వాల్టరూ పీపాలు బిగిస్తుంటే వీళ్ళు ఒడ్డున వరసగా నిలబడి చూశారు. ఆదివారం నాడు మాట అయిపోయాక సిగ్వాల్డ్ టోపీ తీసి ముందుకు వచ్చాడు.

"సీలు గారూ కాకి గారూ రాజీనామా చేశారమ్మా. నా పేరు రాస్తారా?"

"మోడు తీశావా?"

"లేదమ్మా."

"తీసి రా."

నిన్నటికి మూడు తీశాడు. అతని గడ్డం కూడా ఒక మోడుకు చిక్కుకుంది, కోయవలసి వచ్చింది. ఇప్పుడు పట్టీలో ఎనిమిది పేర్లున్నాయి. రాసింది నేనే, గోడ మాత్రం బల్లకట్టుది కాదు, కొట్టానిది. నీ కొత్త వల కన్ను సరిగ్గా సరిపోయింది. మొన్న నా వంతులో చేపల బరువుకు సైమా నీటి గీత దాటి కిందికి దిగింది. ఇంతకంటే చెప్పడం మన ఇంటి పద్ధతి కాదు.

ఆగ్నెస్ గారు రోజూ ఒకటే అడుగుతున్నారు: "రెండేసి ముళ్ళు వేసే ఆవిడ ఎప్పుడొస్తుంది? ఎనిమిది పడవల వలలు కుప్పగా పడున్నాయి, ఈ మగాళ్ళు కుడుతుంటే చేపలే నవ్వుతున్నాయి."

ఏం చెప్పమంటావు?

నీ తమ్ముడు,
ఉర్హో

---

ఆస్టోరియా
1956 సెప్టెంబరు 6

ఉర్హోకు,

నీ జూలై 25 నాటి ఉత్తరం ఆగస్టు 30న వచ్చింది. నాలుగు రేవులు తిరిగి వచ్చినట్టు దాని మీద నాలుగు ముద్రలున్నాయి. ఆగస్టు 26 నాటిది ఈ ఉదయం వచ్చింది. మధ్యలో ఉన్న ఆ వారం నేనెలా గడిపానో నిన్ను అడగవద్దని అడుగుతున్నాను. ముప్ఫై ఒకటో తేదీన మిల్లు దాకా నడిచి వెళ్ళి, గేటు దగ్గర నుంచే తిరిగి వచ్చాను. అన్న మాట వెనక్కి తీసుకోవడం నాకు రాదు. ఈసారి రాకపోవడమే మంచిదైంది.

నాకంటే పదమూడేళ్ళు పెద్దావిడకు ఆశీస్సులు పంపాను. మరదలన్నాను. నా తరఫున వంగి క్షమాపణ చెప్పు. వయసు అడగకపోవడం నా తప్పు. తొమ్మిదిసార్లు పేరు రాసి ఒక్కసారీ వయసు రాయకపోవడం నీ తప్పు. సెల్మా నీ పెళ్ళికని యాలకుల రొట్టెలు అప్పుడే చేసేసింది. పారవేయడం ఎందుకని ఇద్దరం కూర్చుని తిన్నాం. పెళ్ళికొడుకు లేకపోయినా విందు బాగుంది.

హాల్వర్సన్ గారు దారిలో కనబడి, పెళ్ళి ఎలా జరిగిందని అడిగారు. "కట్నం మేమే ఇచ్చుకున్నామండీ, ఒక కాఫీ కూజా. అవతలివాళ్ళు నది ముఖద్వారం ఇచ్చారు" అన్నాను. జేబులోంచి చాక్‌పీసు తీసి చూసుకుని, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

సైమా మీద ఆ చాక్‌పీసు గీత ఉంటే ఉప్పునీళ్ళతో కాదు, వెనిగరుతో తుడువు.

ఏప్రిల్ మొదటి స్టీమరుకు వస్తాను. సూదులు ఇరవై నాలుగు, నైలాను దారం ఆరు ఉండలు, నాన్న కత్తెర సర్దాను. పిల్లిని సెల్మా చూసుకుంటుంది. నీ మగ్గు మళ్ళీ వెల్లకిలా పెట్టాను. నా మగ్గుతో పాటు దాన్నీ తెస్తున్నాను.

వచ్చేముందు ఒక్క విషయం కనుక్కో. వల కుట్టడానికి కూర్చునేది ఆ కొట్టం మెట్లమీదేనని రాశావు. అందులో ఏ మెట్టు ఎవరిదో, కింది మెట్టు మీద నేను కూర్చోవచ్చునో లేదో, ఆగ్నెస్ గారిని టోపీ తీసి అడిగి రాయి. ఉత్త చేతులతో రానని కూడా చెప్పు.

నీ అక్క,
హిల్యా